పితికిన చెంబు

పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు దాటడం అరుదు. పాలు తీయాలంటే గొంతుక్కూర్చుని, చెంబు మోకాళ్ల నడుమ ఇరికించుకోవాలి. అప్పుడు ఆ చుట్టుపక్కల వినిపించే మాటలు ఇలా ఉంటాయి. 'పితకడం అయిందా?' 'పితికే చేతికి కాస్త నూనె రాసుకో.' 'పితుకుతూ మాట్లాడకు, ఆవు బెదురుతుంది.' 'పితికి లేచిరా.' ధాతువు ఒక్కటే. మొదటి మాటలో అది నామవాచకం పని చేసింది. రెండో మాటలో చేతికి విశేషణమైంది. తక్కిన రెంటిలో ఇంకో క్రియకు తోడు నిలిచింది. బడి గడప తొక్కని మనిషి కూడా ఈ నాలుగింటిలో ఎక్కడా తడబడదు.

అలాంటి ఇంటి పిల్లవాడే ఇంగ్లీషు క్లాసులో 'ఇంగ్' దగ్గర ఆగిపోతాడు. 'మిల్కింగ్ ఈజ్ హార్డ్ వర్క్' అంటే జెరండ్ అట, 'ద ఉమన్ మిల్కింగ్ ద కౌ' అంటే పార్టిసిపుల్ అట. రూపం ఒకటే, పేర్లు రెండు. తప్పు పిల్లవాడిది కాదు. పాత ఇంగ్లీషులో ఇవి వేర్వేరు రూపాలే. పని పేరు చెప్పడానికి చివర 'ఉంగ్' అనో 'ఇంగ్' అనో చేరేది, విశేషణానికి 'ఎండె' చేరేది. మధ్యయుగాల్లో రెండూ కలిసిపోయి 'ఇంగ్' ఒక్కటే మిగిలింది. తెలుగు ఆ తేడాను చెరుపుకోలేదు. అందుకే నాకు నచ్చిన పాఠం ఇది: 'ఇంగ్' కనిపించగానే ఆ మాటను తెలుగులో పెట్టి చూడు. 'డం' వస్తే నామవాచకం, 'తున్న' వస్తే విశేషణం, 'తూ' వస్తే క్రియావిశేషణం. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు రాకపోవడానికి తెలుగే అడ్డమని అనేవాళ్లు ఈ ఒక్క పాఠం చెప్పి చూడాలి.

మన వ్యాకరణాలు ఈ తేడాను శ్రద్ధగా పట్టించుకున్నాయి. చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో క్రియకు ఒక పరిచ్ఛేదం ఇచ్చి, కృదంతాలకు, అంటే ధాతువుల నుంచి పుట్టే మాటలకు, విడిగా మరొకటి ఇచ్చాడు. 'పితికిన' లాంటి మాటకు ఆ సంప్రదాయం పెట్టిన పేరు ధాతుజ విశేషణం, అంటే ధాతువుకు పుట్టిన విశేషణం. తల్లి పేరు చెప్పి బిడ్డను పరిచయం చేసినట్టుంది. 'పార్టిసిపుల్' అన్న పేరుకు మూలమైన లాటిన్ మాటకు అర్థం పాలుపంచుకునేదని. క్రియలోనూ నామంలోనూ దానికి వాటా ఉంది.

ఈ ధాతుజ విశేషణం బలం ఎంతో చూడండి. పితికిన మనిషి, పితికిన ఆవు, పితికిన పాలు, పితికిన చెంబు. పని చేసినది ఒకరు, పని జరిగింది ఒకదానికి, వచ్చింది ఒకటి, పట్టుకున్నది ఇంకొకటి. నలుగురికీ ఒకే మాట సరిపోయింది. ఇంగ్లీషుకు ఇది చేతకాదు. 'మిల్క్డ్ కౌ' అనగలదు కానీ 'మిల్క్డ్ పాట్' అంటే ఎవరికీ అర్థం కాదు. చేసేవాడికి 'ఇంగ్', చేయించుకున్నదానికి 'ఎడ్' అని ముందే తేల్చుకోవాలి.

తమిళ, కన్నడ సరిహద్దులు రెండూ తగిలే కుప్పంలో ఈ ద్రావిడ భాషా కుటుంబ లక్షణం తినే కూరలోనే కనిపిస్తుంది. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు జారి పడుతుంది. మనం పితికిపప్పు అంటాం. కన్నడిగులు హితికిద బేళె అంటారు. మన 'ప' అక్కడ 'హ' అయింది, 'పితికిన' అక్కడ 'హితికిద' అయింది. తమిళులకు అది పిదుక్కు పరుప్పు. ద్రావిడ భాషల కోసమే 1997లో విశ్వవిద్యాలయం పెట్టడానికి ఇంతకన్నా తగిన ఊరు ఉందనుకోను.

ఇక ఇలాంటి మాటలు ఇంగ్లీషులోకి మారిన ఊరు మదనపల్లె. ఠాగూర్ 1919లో జనగణమనను ఇంగ్లీషు చేసింది ఇక్కడే. అందులోని అధినాయక, విధాత అన్న కృదంతాలకు ఆయన రూలర్, డిస్పెన్సర్ అని క్రియ చివర 'అర్' చేర్చిన మాటలే వాడాడు.

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. చిన్నతనపు తెలుగు ఆయనకు తర్వాత దూరమైంది. ప్రసంగాలు దాదాపుగా ఇంగ్లీషులోనే చేశాడు. ఆయన ముఖ్యమైన మాటలు చూస్తే చాలావరకు క్రియల నుంచి పుట్టినవే: బికమింగ్, లిజనింగ్, అబ్జర్వర్, అబ్జర్వ్డ్. 1969లో వచ్చిన పుస్తకం పేరు 'ఫ్రీడమ్ ఫ్రమ్ ద నోన్'. 'నో' అనే క్రియ 'నోన్' అయి, ముందు 'ద' చేరగానే వదిలించుకోవాల్సిన మూటలా నిలబడింది. చూసేవాడూ చూడబడేదీ వేరు కావని ఆయన పదేపదే చెప్పాడు. ఆయనతో ఏళ్ల తరబడి చర్చించిన భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్, కర్త ఒకచోట, కర్మ ఒకచోట పెట్టే వాక్యమే మన ఆలోచనను ముక్కలు చేస్తోందని భావించి, క్రియకే పెద్దపీట వేసే ఒక భాషాప్రయోగం చేశాడు. దానికి రియోమోడ్ అని పేరు పెట్టి 1980లో తన పుస్తకంలో వివరించాడు.

తెలుగులో 'చూసిన మనిషి' అనండి. నన్ను చూసిన మనిషా, నేను చూసిన మనిషా? రెండూ అందులో ఉన్నాయి. 'తెలిసిన మనిషి' అంటే మనకు పరిచయమున్నవాడు, 'అన్నీ తెలిసిన మనిషి' అంటే జ్ఞాని. అబ్జర్వర్, అబ్జర్వ్డ్ అని ఇంగ్లీషు రెండుగా చీల్చిన చోట, కృష్ణమూర్తి పుట్టిన ఇంటి భాష 'చూసిన' అన్న ఒక్క మాటతో ఆగింది.