పాత లేత్‌కు రంగు ఆఖరున

లోహపు కడ్డీలను తిప్పుతూ చెక్కే పాత లేత్ మిషన్ చేతికొచ్చిందంటే ముందు రంగు కొట్టాలనిపిస్తుంది. అమెరికా, బ్రిటన్‌లలో పాత యంత్రాలను బాగుచేసే అభిరుచిలో తలపండినవాళ్లు మాత్రం ఆ పనిని ఆఖరికి వదిలేస్తారు. దాని మీద తిప్పిన కడ్డీ ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే మందంలో వస్తేనే వాళ్ల లెక్కలో యంత్రం బాగుపడినట్టు.

పని ఆరా తీయడంతో మొదలవుతుంది. సౌత్ బెండ్ లేత్‌నే తీసుకుందాం. 1906లో ఓబ్రయన్ కవల సోదరులు ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో ఈ కంపెనీ పెట్టారు. బడులూ చిన్న వర్క్‌షాపులూ వీటిని విరివిగా కొన్నాయి. ‘హౌ టు రన్ ఎ లేత్’ అనే పుస్తకం వేసి కంపెనీయే పని నేర్పింది. బెడ్ (యంత్రం పొడవునా ఉండే పట్టాల దిమ్మ) మీద, కడ్డీ చివరను ఆపే టెయిల్‌స్టాక్ వైపు కొసన సీరియల్ నంబరు కొట్టి ఉంటుంది. దాన్నిబట్టి యంత్రం ఏ కాలానిదో తెలుస్తుంది. అది తెలిస్తే ఏ కేటలాగు తిరగెయ్యాలో, ఏ విడిభాగం సరిపోతుందో తేలుతుంది.

విప్పుతున్నప్పుడే ప్రతి భాగానికీ ఫొటో తీసి చీటీ కట్టాలి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకకూడదు. తుప్పుకు మంచి మందు విద్యుత్తే. వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో తుప్పు పట్టిన ఇనుప భాగాన్ని ముంచి బ్యాటరీ చార్జర్ మైనస్ తీగకు, ఒక పాత ఇనుప రేకును ప్లస్ తీగకు తగిలిస్తారు. తుప్పు వదులుతుంది, మంచి లోహం అరగదు. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక గాలి ఆడేచోటే చెయ్యాలి. స్టెయిన్‌లెస్ రేకు వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలో కలుస్తుంది. సౌత్ బెండ్‌లలో చాలావాటికి తిరిగే ఇరుసు (స్పిండిల్) బేరింగులకు నూనె అందించేవి ఫెల్ట్ వత్తులు. గట్టిపడ్డవాటిని మార్చకపోతే బేరింగు ఎండిపోతుంది.

అసలు విద్య స్క్రేపింగ్, అంటే లోహాన్ని సన్నగా గీకి సాపు చేయడం. పని ఎక్కువగా కడ్డీని పట్టి తిప్పే చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడే అరుగుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ అనే సాపు బద్దకు ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పలచగా పూసి బెడ్ మీద రుద్దితే మిట్టలకు నీలం అంటుతుంది. ఆ మిట్టలనే స్క్రేపర్‌తో గీకాలి. ఒక్కో గీతకు పోయేది కొన్ని మైక్రాన్లే. మళ్లీ పూయడం, మళ్లీ గీకడం. నీలం చుక్కలు అంతటా సమంగా పడేదాకా ఇదే వరస. మిగిలే సన్నని గుంటలు నూనెను పట్టి ఉంచుతాయి.

మరి ఆ స్ట్రెయిట్ ఎడ్జ్ సాపుగా ఉందని ఎలా తెలుస్తుంది? అది సర్ఫేస్ ప్లేట్ అనే సాపు పలకతో సరిచూసుకున్నదే. ఆ ప్లేట్‌ను తయారుచేసే పద్ధతిని ఇంగ్లండ్ ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన ఒక శాస్త్ర సభలో వివరించాడు. రెండే పలకలైతే ఒకటి ఉబ్బి, ఇంకొకటి లోపలికి వంగి ఉన్నా చక్కగా అతుకుతాయి. మూడు పలకలను మార్చి మార్చి జతచేస్తే ఆ మోసం సాగదు. ఏ రెండు కలిపినా అతికాయంటే మూడూ సాపుగా ఉన్నట్టే.

మన దేశంలోనూ ఇలాంటి యంత్రాలు తయారుచేసిన కంపెనీలున్నాయి: హైదరాబాద్ ప్రాగా టూల్స్ 1943లో పుట్టింది, బెంగళూరు హెచ్‌ఎంటీ 1953లో. వాటి యంత్రాలు మనకూ ఉన్నాయి. మీ వర్క్‌షాపులో అలాంటిదుంటే తూకానికి అమ్మేముందు దాని ప్లేటు మీది వివరాలు రాసుకోండి, బెడ్ అరుగుదల కొలిపించండి. బాగుచెయ్యగల పాత ఫిట్టర్లు ఉండగానే ఆ పని చెయ్యండి.