స్పందించే ఫలకం, స్పందించవలసిన తరగతి: ఉపాధ్యాయ శిక్షణలో ఇంటరాక్టివ్ వైట్‌బోర్డు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లోకి ఇంటరాక్టివ్ ఫలకాలు ప్రవేశించాయి. వాటిని వినియోగించవలసిన ఉపాధ్యాయునికి ఎటువంటి శిక్షణ అవసరమన్నది ఈ వ్యాసంలోని చర్చాంశం. ఫలకాన్ని నడపడం, ఫలకంతో బోధించడం రెండు వేర్వేరు నైపుణ్యాలనీ, రెండవదానికి సూక్ష్మబోధనలో ఇప్పటికే చోటు ఉందనీ ఛందోబోధన ఉదాహరణతో ప్రతిపాదించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఇంటరాక్టివ్ వైట్‌బోర్డు, ఉపాధ్యాయ శిక్షణ, సూక్ష్మబోధన, నల్లబల్ల వినియోగం, గణవిభజన.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ పాఠశాల విద్యకు సంబంధించిన ప్రధాన కార్యాలయాలు హైదరాబాదులోని లక్డీకాపూల్ పరిసరాల్లోనే ఉన్నాయి. పాఠశాల విద్యా సంచాలకుల కార్యాలయం సైఫాబాదులో, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ ఎల్.బి. స్టేడియం ఎదురుగా, ప్రభుత్వ ఉపాధ్యాయ విద్యాసంస్థ ఐ.ఎ.ఎస్.ఇ. మాసాబ్‌ట్యాంకులో ఉన్నాయి. ఇక్కడి నుండి పంజాగుట్ట మీదుగా వెళితే వచ్చే అమీర్‌పేట మరొక రకమైన శిక్షణకు, అంటే సాఫ్ట్‌వేర్ కోర్సులకు, పేరుపొందింది. ఒక సాధనాన్ని తక్కువ వ్యవధిలో అభ్యర్థి చేతికి పట్టుబడేటట్లు నేర్పడం ఆ శిక్షణ లక్ష్యం. దానికి అది సరిపోతుంది. ఉపాధ్యాయ శిక్షణ కూడా అదే లక్ష్యంతో ఆగిపోవచ్చునా అన్నది ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న నేడు అత్యవసరమైంది. 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమంలో పన్నెండు అంశాలు ఉన్నాయి. ఆకుపచ్చ రాతబల్లలు, డిజిటల్ సౌకర్యాలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ‘నాడు–నేడు’ కింద 2023 నుండి ఉన్నత తరగతుల గదుల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు అమర్చారు. సుద్దముక్కతో రాసే బల్ల, వేలితో తాకే బల్ల ఒకే బడిలో ఉండే కాలం ఇది. దేనితో ఏ పని చేయాలో నిర్ణయించుకోగల ఉపాధ్యాయుణ్ణి శిక్షణ తయారుచేయాలి.

2. ‘ఇంటరాక్టివ్’ అన్న మాటలోని చిక్కు

కెనడాకు చెందిన స్మార్ట్ టెక్నాలజీస్ సంస్థ 1991లో స్మార్ట్ బోర్డును విపణిలోకి తెచ్చింది. ‘ఇంటరాక్టివ్’ అన్నది మొదట యంత్రధర్మాన్ని తెలిపే మాట. తాకితే ఫలకం స్పందిస్తుందని దాని అర్థం. విద్యారంగంలోకి వచ్చేసరికి అదే మాట తరగతిధర్మంగా చెలామణి అయింది. ఫలకం స్పందిస్తుంది కనుక తరగతి కూడా స్పందిస్తున్నట్లే అన్న భావన ఏర్పడింది. తెలుగులో ‘పరస్పర చర్యాత్మక ఫలకం’ అని అనువదించుకున్నా ఆ పరస్పరత ఎవరెవరి మధ్య అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

ఈ సందిగ్ధతను విడదీసిన అధ్యయనం ఒకటి ఉంది. 2003–04లో లండన్ మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్ర బోధన కోసం ప్రభుత్వం ఈ ఫలకాలను పెద్దఎత్తున సమకూర్చింది. గెమ్మా మాస్ బృందం ఆ పథకాన్ని మూల్యాంకనం చేసి 2007లో నివేదిక వెలువరించింది. ఫలకాలు వచ్చిన తొలి ఏడాదిలో విద్యార్థుల ఫలితాలపై చెప్పుకోదగిన ప్రభావం కనబడలేదని ఆ బృందం తేల్చింది. సామర్థ్యం తక్కువగా ఉన్న బృందాల్లో విద్యార్థులు ఒక్కొక్కరుగా ఫలకం వద్దకు రావడం వల్ల పాఠం నెమ్మదించే అవకాశం ఉందని కూడా గుర్తించింది. నివేదిక మూడు రకాల పరస్పరతను వేరుచేసింది: ఫలకంలోని సౌకర్యాలతో వ్యవహరించే సాంకేతిక పరస్పరత, విద్యార్థి ముందుకు వచ్చి ఫలకంపై అంశాలను కదిపే భౌతిక పరస్పరత, భావనలను పరిశీలించి నిర్మించుకునే భావనాత్మక పరస్పరత. శిక్షణను విమర్శించడానికి ఈ మూడు మెట్లు గట్టి కొలమానాన్ని ఇస్తాయి.

3. గణవిభజన పాఠం: మూడు మెట్లు

తెలుగు తరగతిలో గణవిభజనను ఉదాహరణగా తీసుకోవచ్చు. ‘పద్యము’ అన్న మాటకు గురులఘువులు గుర్తించమంటే చాలామంది విద్యార్థులు ‘ద్య’ను గురువుగా గుర్తిస్తారు. వారి లెక్కలో అది జగణం అవుతుంది. నిజానికి సంయుక్తాక్షరానికి ముందున్న ‘ప’ గురువు, ‘ద్య’, ‘ము’ లఘువులు. కనుక అది భగణం.

ఉపాధ్యాయుడు ముందే సిద్ధం చేసిన స్లైడులో సరైన గుర్తులను రంగుల్లో చూపితే అది మొదటి మెట్టు. విద్యార్థిని పిలిచి గురులఘు చిహ్నాలను వేలితో జరిపించి, తప్పయితే సరిచేసి పంపితే అది రెండవ మెట్టు. నలభైమంది ఉన్న తరగతిలో ఒకరి వేలు కదులుతుంటే తక్కినవారు చూస్తూ ఉంటారు.

మూడవ మెట్టులో తప్పు చెరిగిపోదు. జగణం అన్న సమాధానాన్ని ఒక పుటలో అలాగే నిలిపి, పక్కపుటలో ‘క్రమము’ అన్న మాటను ఉంచి, దాని గణం ఏమిటని అందరూ తమ నోటుపుస్తకాల్లో రాసేటట్లు చేయాలి. సంయుక్తాక్షరమే గురువైతే ‘క్ర’ గురువు కావాలి. కాని ‘క్రమము’ను పలికి చూస్తే మూడూ లఘువులే, అది నగణం. అప్పుడు మొదటి పుటకు తిరిగి వెళ్ళి, ‘పద్‌–యము’ అని పలికినప్పుడు బరువు ఎక్కడ పడుతున్నదో తరగతే తేల్చుకుంటుంది. తరువాత ‘గ్రామము’ ఇస్తే అక్కడి గురుత్వానికి దీర్ఘమే కారణమని గ్రహిస్తుంది.

నల్లబల్లపైన కూడా ఈ పాఠం చెప్పవచ్చు. అయితే అక్కడ స్థలం చాలక తప్పు తుడిచివేయబడుతుంది. తరగతి ఆలోచనాక్రమాన్ని భద్రపరచి, వారం తరువాత అయినా తిరిగి చూపగలగడం ఈ ఫలకానికి ఉన్న నిజమైన అదనపు బలం. ‘పద్యము’ తరువాత ‘క్రమము’నే ఎందుకు ఇవ్వాలో మాత్రం ఏ వాడుక పుస్తకమూ చెప్పదు. అది షుల్మన్ 1986లో ప్రతిపాదించిన విషయబోధనా జ్ఞానానికి చెందినది.

4. శిక్షణలో దీనికి చోటెక్కడ?

పరికరంతోపాటు లభించే అవగాహన కార్యక్రమం స్వభావరీత్యా పరికరం గురించే ఉంటుంది. దానిని తప్పుపట్టనక్కరలేదు. దానినే ఉపాధ్యాయ శిక్షణగా లెక్కించడం తప్పు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో రెండేళ్ళ బి.ఎడ్. వచ్చింది. అందులోని సమాచార సాంకేతికత కోర్సు పేరులో ‘విమర్శనాత్మక అవగాహన’ అన్న మాట ఉంది. ఫైలు తెరవడం, భద్రపరచడం వంటి ప్రయోగాలతోనే ఆ కోర్సు పూర్తయితే పేరులోని విశేషణం నిరర్థకమవుతుంది.

సరైన చోటు సూక్ష్మబోధనలో ఉంది. 1960వ దశకంలో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందిన ఈ పద్ధతికి భారతీయ నమూనాలో 36 నిమిషాల చక్రం ఉంది: బోధన 6, పరిపుష్టి 6, పునఃప్రణాళిక 12, పునర్బోధన 6, పునఃపరిపుష్టి 6 నిమిషాలు. నల్లబల్ల వినియోగం అందులో సాధన చేయించే నైపుణ్యాలలో ఒకటి. సహచరులు అక్షరాల స్పష్టత, అమరిక, పరిశుభ్రత వంటి అంశాలను పరిశీలిస్తారు. అదే పరిశీలనాపత్రాన్ని కొత్త ఫలకానికి యథాతథంగా వర్తింపజేస్తే అందమైన స్లైడుకే మార్కులు పడతాయి. విద్యార్థి తప్పు ఎంతసేపు ఫలకంపై నిలిచింది, దాని ఆధారంగా తరువాతి ప్రశ్న మారిందా, ఒకరు ఫలకం వద్ద ఉన్నప్పుడు తక్కినవారికి పని ఉందా అన్న మూడు అంశాలను చేర్చాలి. పన్నెండు నిమిషాల పునఃప్రణాళికలో ఛాత్రోపాధ్యాయుడు స్లైడును మెరుగుపరచడానికి బదులు ప్రశ్నను మార్చుకోవాలి.

ఈ దృష్టి తెలుగునేలకు కొత్త కాదు. బ్రిటిష్ సహాయంతో 1980, 90 దశకాల్లో సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనాసూత్రాలను ప్రచారం చేసింది. ఉపాధ్యాయుడే కృత్యాలను రూపొందించడం, చేయడం ద్వారా నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనుల సమన్వయం, పిల్లల పనిని ప్రదర్శించడం వాటిలో ముఖ్యమైనవి. వాటిలో దేనికీ విద్యుత్తు అవసరం లేదు. విద్యుత్తుతో నడిచే ఫలకాన్ని అంచనా వేయడానికి మాత్రం అవి నేటికీ ఉపకరిస్తాయి.

5. ముగింపు

ఇంటరాక్టివ్ ఫలకాన్ని గుడ్డిగా స్వాగతించడం, గుడ్డిగా తిరస్కరించడం రెండూ ఒకే పొరపాటు నుండి పుట్టినవి. రెండింటిలోనూ చర్చ యంత్రం చుట్టే తిరుగుతుంది. లండన్ అనుభవం తెలిపినట్లు, ఫలకం గోడకెక్కినంత మాత్రాన అభ్యసనం మెరుగుపడదు. భావనాత్మక పరస్పరతను సాధించవలసినవాడు ఉపాధ్యాయుడు. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయునికి ఏటా కనీసం 50 గంటల వృత్తిపర అభివృద్ధిని ఆశించింది. ఆ గంటల్లో ఫలకానికి కేటాయించిన భాగాన్ని విషయాలవారీగా విభజించి, తెలుగు ఉపాధ్యాయులకు సంధి, సమాసం, ఛందస్సు పాఠాలతోనే సాధన చేయించడం తక్షణ కర్తవ్యం. విద్యార్థులు తరచు చేసే తప్పులను సేకరించి, ఒక్కొక్క తప్పుకు తగిన ఎదురుదాహరణలను కూర్చే పనిని తెలుగు శాఖల పరిశోధకులు చేపడితే ఆ సాధనకు కావలసిన సామగ్రి సమకూరుతుంది.