పిట్ట ముట్టేదాకా

సిద్దిపేటలో ఇంటి పెద్ద పోతే మూడో రోజుకల్లా ఫ్లెక్సీ తయారు. నడుమ ఫొటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద జననం, మరణం. ఆ కింద భార్య, కొడుకులు, కోడళ్లు, బిడ్డలు, అల్లుళ్లు, మనుమలు, మనుమరాళ్లు. ‘మీ ఆశయాలే మాకు బాట’ అన్న వాక్యం దుకాణం కంప్యూటర్లో ముందునుంచే కొట్టిపెట్టి ఉంటుంది. పేపర్లో రాస్తానని తెలిసినోళ్లు మాత్రం ‘అన్నా, శ్రద్ధాంజలికి నాలుగు ముక్కలు రాసియ్యి’ అని నా దగ్గరికి వస్తుంటారు. ఈ వారం ఆ నాలుగు ముక్కల సంగతి.

అడిగేది చిన్న పనే. చేయబోతే తెలుస్తుంది, ఆ ఫ్లెక్సీ మీద అందరూ ఉన్నారు, పోయినాయన తప్ప. ‘ఆయన ఆశయాలేంది?’ అంటే కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆయనకు ఉన్నవి అలవాట్లు. చాయ్‌లో చక్కెర తక్కువైతే గ్లాసు పక్కకు జరపడం, బస్సు ఎక్కితే కిటికీ సీటు కోసం కొట్లాడటం, బాకీ తీరిన నోటును కూడా చింపకుండా దాచుకోవడం. పేరున్న మనిషి గురించి రాయడం సులువు. మన ఊరి చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) గారి బతుకు తెలుసుకోవాలంటే ఆయన గీసిన బోనాలు, పల్లె ఆడవాళ్లు చాలు. బొమ్మలు గీయని తాతల సంగతే కష్టం.

అందుకే నేను ముందు భార్యను అడుగుతాను. కొడుకులు కొన్న భూములు, చేసిన పెండ్లిళ్లు చెప్తారు. మనుమలు తాత ఇచ్చిన పది రూపాయలు చెప్తారు. భార్య ఫిర్యాదుతో మొదలుపెడుతుంది, అసలు మనిషి అక్కడ దొరుకుతాడు. గొల్లభామ చీరలు నేసిన ఒకాయన భార్య నాతో అన్న మాటలివి: ‘చీర మీద గొల్లభామ కాలు వంకరపోతే రాత్రి బువ్వ ముట్టకపోయేటోడు. నాకు జరమొస్తే మాత్రం, గోలి తెచ్చుకో పో అనేటోడు.’ తలమీద కుండ పెట్టుకున్న ఆ చిన్న బొమ్మ అద్దకం కాదు మరి. మగ్గం మీద నేస్తూ నేస్తూనే రంగు పోగులు చేత్తో ఎక్కించి తీస్తారు. ఒక్క పోగు తప్పినా కంటికి ఆనుతుంది. శ్రద్ధాంజలిలో మొదటి మాట అచ్చయింది. రెండోది కొడుకులు కొట్టేయించారు. నాకైతే ఆ రెండోదే ఎక్కువ ఇష్టం. అది లేకపోతే ఆ మొగుడు మొగుడిలా లేడు.

పోయిన మనిషిని ఉన్నదున్నట్టు చెప్పే విద్య మనవాళ్లకు రాదనుకునేరు. పిట్టకు పెట్టేరోజు చూడండి. పోయినాయనకు ఇష్టమైనవన్నీ వండి, మాంసం, కల్లు, బీడీకట్టతో సహా విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. వెంటనే ముట్టిందా, అందరూ లేచి పోతారు. ముట్టకపోతేనే అసలు ముచ్చట. ‘ఏం తక్కువ చేసినమే?’ అని మొదలై, చేపల పులుసు మరిచినమని ఒకరు, చిన్న బిడ్డతో మాట్లాడక పోయిండని ఇంకొకరు, అన్నదమ్ముల పంపకం తెగలేదని మరొకరు. మనిషి ఇష్టాలూ, పట్టింపులూ, మిగిల్చిపోయిన తగాదాలూ అరగంటలో బయటికొస్తాయి. ఏ శ్రద్ధాంజలీ అంత చెప్పదు. 2023లో వచ్చిన వేణు యెల్దండి సినిమా ‘బలగం’ కథంతా ఈ పిట్ట మీదే నడిచింది. ఊళ్లలో తెరలు కట్టి, జనమంతా నేలమీద కూచుని చూశారంటే, అందులోని కొమురయ్య లాంటి తాత ప్రతి ఇంట్లో ఒకడున్నాడు కాబట్టే.

ఆ సినిమా చివర పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులది వరంగల్ జిల్లా దుగ్గొండి. బుడిగజంగాల కళాకారులు. పోయినవాడి బతుకును పాటగా కట్టడం వాళ్ల కులవిద్య. ముందు ఇంట్లోవాళ్లను, ఇరుగుపొరుగును అడిగి పేర్లూ వరసలూ కష్టసుఖాలూ తెలుసుకుంటారు, తర్వాతే గొంతెత్తుతారు. ఏ బిడ్డ పేరు దగ్గర ఆగాలో, ఏ కొడుకు వైపు చూసి పాడాలో వాళ్లకు తెలుసు. నేను చేసే పనికి గురువులెవరంటే వీళ్లనే చూపిస్తాను. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఊరూరా అంత్యక్రియల పాట పాడినవాడి గురించి ఎంతమంది ఎంత రాసినా, కొమురమ్మ చెప్పగలిగినంత ఎవరు చెప్తారు?

ఏడాదికోసారి ఇంకో పరీక్ష ఉంటుంది. పెత్తరమాస. సాయంత్రం ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకునే రోజు పొద్దున, మగవాళ్లు పెద్దల పేరిట బియ్యం ఇస్తారు. బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెంలో పెట్టుకుని కూర్చుంటే అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతాడు. తండ్రి పేరు గబుక్కున వస్తుంది. తాత పేరూ వస్తుంది. ముత్తాత దగ్గర తడబడి, ఊళ్లో ఉన్న మేనత్తకు ఫోన్ కొట్టేవాళ్లు ఏటా ఉంటారు. ఆమె పేరొక్కటే చెప్పి ఊరుకుంటుందా! ఆయన ఎంత పొడుగుండేటోడో, ఏ బావి కాడ ఎవరిని తరిమి తరిమి కొట్టిండో, జొన్నరొట్టెల మీద నెయ్యి ఎట్ల పోయించుకునేటోడో అన్నీ వరసపెట్టి చెప్తుంది. ‘అత్తా, అయ్యగారు కూసున్నడు’ అన్నా వినదు. ‘కూసోనియ్యిరా, గీ ముచ్చట ఇని పెట్టెయ్’ అంటుంది.