బీదర్ నాటకం, లాస్ ఏంజిలిస్ సర్క్యులర్

మీ కాగితాలు ఏవని సర్కారు అడిగే రోజుల్లో బడి తన పిల్లల ఇళ్ళకు ఏం చెప్పాలి? ఈ ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు వచ్చాయి. ఒకటి 2020 జనవరిలో బీదర్‌లోని షాహీన్ పాఠశాల పిల్లలు వేసిన నాటకం. రెండోది 2025లో లాస్ ఏంజిలిస్ స్కూల్ డిస్ట్రిక్ట్ తన సిబ్బందికీ తల్లిదండ్రులకూ ఇచ్చిన సూచనలు. ఒకటి స్టేజీ మీద పుట్టింది, ఇంకొకటి ఆఫీసు బల్ల మీద. నేను మాత్రం రెండింటినీ ఒకే జాతి రచనలుగా చదువుతాను. రెండూ భయపడుతున్న ఇంటిని ఉద్దేశించినవే.

జహీరాబాద్ దాటి కాస్త దూరం పోతే బీదర్. 1956 దాకా మనతో కలిసి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా. కన్నడ, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగూ వినిపించే నేల. ఊరికి ఆనుకుని కొల్హార్ పారిశ్రామిక వాడ, అందులో మందుల కంపెనీలు. పని కోసం ఇలాంటి వాడలకు వచ్చి చేరినవాళ్ళకు జీతం ఒకచోట, కాగితాలు ఇంకోచోట. 2019 ఆగస్టు 31న అస్సాంలో జాతీయ పౌర పట్టిక (ఎన్నార్సీ) తుది జాబితా వచ్చినప్పుడు 19 లక్షల మందికి పైగా అందులో లేరు. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. పుట్టిన తేదీ ఎక్కడా రాసిలేని నాన్నమ్మ ఉన్న ప్రతి ఇంట్లో ఆ చలికాలం ఒకటే చర్చ. పెద్దలు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని పుస్తకం తెరిచిన పిల్ల వినకుండా ఉంటుందా?

ఆ విన్నదే జనవరి 21న నాటకమైంది. వేసింది నాలుగు, ఐదు, ఆరు తరగతుల పిల్లలు. కాగితాలు అడగడానికి వచ్చేవాళ్ళకు చెప్పుదెబ్బ తప్పదన్న అర్థంలో ఒక మాట అందులో ఉంది. వీడియో ఫేస్‌బుక్‌లోకి వెళ్ళింది, ఫిర్యాదు వచ్చింది, బీదర్ న్యూటౌన్ పోలీస్ స్టేషన్‌లో ఐపీసీ 124-ఎ కింద రాజద్రోహం కేసు నమోదైంది. జనవరి 30న ప్రధానోపాధ్యాయురాలినీ, ఒక విద్యార్థిని తల్లినీ అరెస్టు చేశారు. ఆ తల్లి ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్న మనిషి. ఆమె జైల్లో ఉంటే బిడ్డ ఇరుగుపొరుగు వాళ్ళ దగ్గర ఉంది. ఫిబ్రవరి మధ్యలో గానీ బెయిలు రాలేదు. ఈలోగా పోలీసులు పదేపదే బడికి వచ్చి పిల్లల్ని కూర్చోబెట్టి ప్రశ్నించారు. ఎవరు రాశారు, ఎవరు నేర్పారు అని.

రచనగా చూస్తే నాటకంలో లోపాలున్నాయి. చెప్పు మాట పిల్లల నోట పెట్టదగినది కాదని నేనూ అంటాను. నిజంగా ఎవరైనా తలుపు తట్టి కాగితాలు అడిగితే ఏం చేయాలో నాటకం చెప్పదు. కానీ ఇంట్లో గుసగుసగా ఉన్న భయాన్ని పిల్లలు నలుగురిలో పైకి అన్నారు, చూస్తున్నవాళ్ళకు మన ఒక్కరి ఇల్లే కాదని తెలిసింది. తొమ్మిదేళ్ళ పిల్లకు అర్థమయ్యే ధైర్యం అదే. శిక్ష పడింది సరిగ్గా దానికే.

ఇప్పుడు లాస్ ఏంజిలిస్. బడులు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల దగ్గర వలస అధికారుల దాడులను పరిమితం చేసే విధానాన్ని 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే రద్దు చేసింది. ఆ డిస్ట్రిక్ట్ సూచనల్లో ఉద్వేగం ఏమీ లేదు. అధికారి వస్తే గుర్తింపు కార్డు చూడండి, న్యాయమూర్తి సంతకం చేసిన వారంటు ఉందా అని అడగండి, పై ఆఫీసుకు ఫోన్ చేయండి, అప్పటిదాకా లోపలికి పంపకండి. సాహిత్య గుణం వెతికితే దొరకదు. ఆ ఏప్రిల్ 7న వలస వ్యవహారాలు చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ వాళ్ళు రెండు ప్రాథమిక పాఠశాలలకు వచ్చారు. పిల్లల్ని చూడాలన్నారు, ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారన్నారు. క్షేమం కనుక్కోవడానికే వచ్చామని తర్వాత ఆ శాఖ చెప్పుకుంది. ఇంటివాళ్ళెవరూ అనుమతి ఇవ్వలేదని అప్పటి సూపరింటెండెంట్ అల్బెర్టో కార్వాల్యో అన్నారు. పోర్చుగల్ నుంచి వచ్చి కుర్రతనంలో తానూ కాగితాల్లేకుండా బతికిన మనిషి ఆయన. రెండు చోట్లా ప్రిన్సిపాళ్ళు వచ్చినవాళ్ళను వెనక్కి పంపారు. సూచనల్లోని ప్రతి పొడి వాక్యానికీ ఆ రోజు విలువ వచ్చింది.

అంతమాత్రాన ఆ సర్క్యులర్‌ను ఆకాశానికెత్తను. దాని బలం గేటు దాకానే. ఆగస్టు 11న ఆర్లెటా హైస్కూల్ బయట వైకల్యం ఉన్న పదిహేనేళ్ళ కుర్రాణ్ణి వేరెవరో అనుకుని వలస అధికారులు బేడీలు వేశారు. డిస్ట్రిక్ట్ బస్సు దారులు మార్చింది, బడుల చుట్టూ మనుషుల్ని నిలబెట్టింది. బడి మాటిచ్చింది లోపలి పిల్లకు. దారిలో ఉన్న తండ్రికి మాత్రం ఏ బడీ మాట ఇవ్వలేదు.

రెండింటికీ అసలు తేడా వాటి పునాదిలో ఉంది. 1982లో ప్లైలర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కాగితాలు లేవన్న కారణంతో పిల్లలకు ప్రభుత్వ బడిలో చదువు నిరాకరించకూడదని చెప్పింది. అందుకే అక్కడి బడి పిల్ల ఏ దేశపు మనిషని అడగదు. తెలియని విషయాన్ని ఎవరూ దాని నుంచి లాగలేరు. మన బడి దీనికి సరిగ్గా ఎదురు. అది కాగితాలను పుట్టించే చోటు. ప్రవేశ రిజిస్టర్లో రాసిన పుట్టినరోజే జీవితాంతం మన పుట్టినరోజు. స్థానికత చూపడానికి బోనఫైడ్ కోసం పాత బడి చుట్టూ తిరగని తెలుగు కుటుంబం ఉండదు. 2025 జూన్‌లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు అంగీకరించిన 11 పత్రాల్లో మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్ ఒకటి. ఇక్కడ బడి ఇవ్వగల పెద్ద భరోసా రికార్డు సరిగా ఉంచడమే. పేరులో ఒక్క అక్షరం తప్పు పడకుండా చూసే గుమాస్తా ఇంటికి చేసే మేలు నాటకం కన్నా, సర్క్యులర్ కన్నా ఎక్కువ.

బడి పేరే ఎరగా మారిన సందర్భమూ తెలుగువాళ్ళకు తెలుసు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అమెరికా వలస శాఖ తానే పెట్టిన బూటకపు సంస్థ అని 2019 జనవరిలో బయటపడింది. అరెస్టయినవాళ్ళలో చాలామంది మన పిల్లలే. ఆ తర్వాత ఏ బడి ఉత్తరమైనా కొన్ని తెలుగు ఇళ్ళలో రెండుసార్లు చదువుతున్నారంటే తప్పు పట్టను.

మళ్ళీ బీదర్‌కు వస్తే, అక్కడ లేనిది చట్టం అనుకోవద్దు. పిల్లలతో మాట్లాడే పోలీసు యూనిఫాంలో ఉండకూడదని బాల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాలు చెబుతున్నాయి. యూనిఫాంలో, ఆయుధాలతో పిల్లల్ని ప్రశ్నిస్తున్న ఫోటోలు చూసి, ఇది పైకి చూడగానే ఉల్లంఘనలాగే ఉందని కర్ణాటక హైకోర్టు అన్నది 2021 ఆగస్టులో. అంటే ఏడాదిన్నర తర్వాత. 2023 జూన్‌లో కలబురగి ధర్మాసనం యాజమాన్యం మీది కేసును కొట్టేసింది. అయితే ప్రభుత్వ విధానాల విమర్శలోకి పిల్లల్ని దించవద్దని కూడా హితవు చెప్పింది. కేసు కొట్టేసినందుకు ఆ న్యాయమూర్తికి నమస్కారం. ఆ హితవుతో మాత్రం నాకు పేచీ ఉంది. భయం ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని బడికి తేవద్దంటే పిల్ల ఎక్కడ దించుకోవాలి?

ఇంకో చిక్కు మనకే ప్రత్యేకం. లాస్ ఏంజిలిస్ టీచరు గేటు దగ్గర అధికారిని ఆపుతుంది. ఇక్కడ గడప గడపకూ ఓటర్ల జాబితా ఫారం పట్టుకుని వచ్చే బూత్ లెవల్ అధికారి చాలాచోట్ల ఆ ఊరి టీచరే. జనగణనకూ ఆ టీచరే. పగలు భరోసా చెప్పిన మనిషి సాయంత్రం కాగితం అడుగుతుంది. కొల్హార్ లాంటి వాడల్లోని బడి గోడ మీద ఒక్క పేజీ అంటించాలని నేను అడుగుతున్నాను: పోలీసు వస్తే యూనిఫాం వద్దు, తల్లో తండ్రో పక్కన ఉండాలి, ఆడపిల్లతో మహిళా అధికారే మాట్లాడాలి, ఎందుకు వచ్చారో రాసి ఇవ్వాలి. కన్నడ, ఉర్దూ, తెలుగు, మరాఠీ, హిందీల్లో. ఫారం పట్టుకుని తిరిగే పనికి ఆ బడి టీచరును తన సొంత పిల్లల వీధులకు మాత్రం పంపొద్దు.