బొమ్మకూ తెరకూ మధ్య జానెడు

దసరా సెలవుల్లో బత్తలపల్లిలో మా మిద్దె మీద చాప పరిచి కూర్చున్నాం. చాప మీద రెండు పుస్తకాలు. ఒకటి, అట్ట ఊడిపోతే మా అన్న దబ్బనంతో కుట్టి బతికించుకున్నది. రెండోది బెంగళూరు నుంచి నేను మోసుకొచ్చిన కొత్తది, ఇంకా అచ్చు వాసన పోలేదు. రెండింటి పేరూ ఒకటే, కాల్ ఆఫ్ క్తుల్హూ. పాతది ఆరో ఎడిషన్, కొత్తది ఏడోది.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. పాత పుస్తకం మీద అరచెయ్యి పెట్టి, "పదేండ్లకు పైన దీంతోనే ఆడినాం గదరా, ఏం తక్కువైందని మార్చల్ల?" అన్నాడు. మా మేనత్త కూతురు అప్పటికే కొత్తదాన్ని ఒళ్లో పెట్టుకుని సగం తిప్పేసింది. "ఒక్కతూరి ఆడి సూద్దాం బావా. నచ్చకపోతే పాతది యాడికీ పోదు గదా" అంది.

ఈ ఆటకు బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లను కీపర్ అంటారు. మిగిలినవాళ్లు తలా ఒక వేషం కడతారు. తలుపు తీశావు, లోపల చీకటిగా ఉంది, ఏం చేస్తావని కీపర్ అడిగితే ఆ వేషం కట్టినవాళ్లు నోటితో చెప్పాలి. చెప్పింది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. పది ముఖాల పాచికలు రెండు దొర్లిస్తే 1 నుంచి 100 లోపు ఒక అంకె పడుతుంది. చప్పుడు పసిగట్టే నేర్పు నీకు 40 ఉంటే, 40 గానీ అంతకు తక్కువ గానీ పడితే నీ చెవిన పడినట్టు. అమెరికాలో కేయాసియం సంస్థ శాండీ పీటర్సన్ రాసిన ఈ ఆటను 1981లో వేసింది. దీని పేరు, దీనిలోని భయం హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కథలవి. ఆటకు పేరిచ్చిన కథ 1928లో వియర్డ్ టేల్స్ పత్రికలో వచ్చింది.

ఇందులో రాక్షసుణ్ణి చంపి నిధి పట్టుకొచ్చే వరస ఉండదు. ప్రతి వేషానికీ మతి ఎంత నిలకడగా ఉందో చెప్పే ఒక లెక్క ఉంటుంది, దాన్ని శానిటీ అంటారు. చూడకూడనిది చూస్తే అది తరుగుతుంది. ఒక్క దెబ్బకు అయిదు పాయింట్లో అంతకు మించో పోతే, ఆ మనిషి తెలివి మీద పాచిక వెయ్యాలి. మిగతా ఆటల్లో తెలివి నెగ్గితే మేలు. ఇక్కడ నెగ్గితే, చూసిందేమిటో ఆ మనిషికి అర్థమైపోయినట్టు. అర్థమైంది కాబట్టే మతి చలిస్తుంది. ఓడితే, మనసు దాన్ని ఎక్కడో పూడ్చిపెట్టేస్తుంది. మొదటిసారి ఈ నియమం చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. భయం గురించి ఇంత నిజం పలికిన వాక్యాలు నాకు కథల పుస్తకాల్లో కూడా ఎక్కువ కనపడలేదు.

అందుకే ఎడిషన్ మారుతోందంటే ఈ ఆట ప్రేమికులకు గుండె దడ. ఏడో ఎడిషన్ 2014 నాటిది, పాల్ ఫ్రికర్, మైక్ మేసన్ దాన్ని తిరగరాశారు. మా చాప మీదికి రావడానికి ఇన్నేళ్లు పట్టిందంటే కారణం ఆ దడే. అంతకుముందు ఎడిషన్లలో మార్పులు చిన్నవి. ఏ ఎడిషన్ పుస్తకంలోని కథనైనా ఇంకో ఎడిషన్‌లో పెద్దగా కష్టపడకుండా ఆడుకోవచ్చు. ఏడోదానిలో మాత్రం చెయ్యి లోతుగా పెట్టారు. బలం, తెలివి లాంటివి మామూలుగా 3 నుంచి 18 దాకా ఉండేవి, అవసరమైనప్పుడు అయిదుతో హెచ్చవేసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ హెచ్చవేత ముందే చేసి రాసిపెట్టుకుంటాం. బలానికి బలం పోటీ పడితే చూసుకునే పెద్ద పట్టిక ఒకటి ఉండేది, దాన్ని తీసేశారు. మా అన్నకు ఆ పట్టిక కంఠతా వచ్చు. ఇన్నేళ్లు చేత్తో తడిమిన వస్తువు ఒక్కసారి లేకుండా పోతే కలిగే బాధ ఉంటుందే, అది నాకు తెలుసు. నేర్చుకోవడం ఎంత సులువైందని చెప్పినా ఆ బాధ తీరదు.

నా సందేహం పట్టిక గురించి కాదు. అది చెప్పాలంటే మా అవ్వ దగ్గరికి వెళ్లాలి.

చిన్నప్పుడు అవ్వ కొంగు పట్టుకుని తోలుబొమ్మలాట చూశాను. మాకు దగ్గర్లోనే, ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. మేకతోలును గీకి, వెలుగు అవతలికి కనపడేంత పల్చన చేసి, రంగులేసి, నగల చోటల్లా ఉలితో బెజ్జాలు కొట్టి మనిషెత్తు బొమ్మలు చేసే కుటుంబాల ఊరది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను చూసిన రాత్రి మైరావణుడి కథ. హనుమంతుడు పాతాళానికి దిగుతున్నాడు. తెర వెనక కాళ్ల కింద చెక్కలు టకటకమని మోగుతున్నాయి. తెర మీద ఒక మూల మసక మచ్చ లాంటిది పుట్టి పెరగడం మొదలైంది. దానికి ముఖం లేదు, అంచు లేదు. నేను అవ్వ ఒళ్లో తల దాచుకుని, "అవ్వా, అదేంది?" అన్నాను. "ఉండు, ఇంకా రాల్యా" అంది అవ్వ.

ఆ మచ్చ ఎట్లా పుడుతుందో పెద్దయ్యాక తెర వెనక నిలబడి చూశాను. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే ప్రతి బెజ్జమూ, ప్రతి రంగూ తేటగా కనపడతాయి. అదే బొమ్మను వెనక్కి, దీపం వైపు ఒక జానెడు జరిపితే నీడ ఉబ్బుతుంది, అంచులు కరిగిపోతాయి. బొమ్మ అదే, దీపం అదే. భయపెట్టింది ఆ జానెడు ఎడం.

భయం మీద నడిచే ఆటను ఎవరు తిరగరాసినా నేను మొదట వెతికేది ఆ జానెడునే. తిరగరాయడం అంటేనే తేటపరచడం. మెలికలు విప్పుతారు, లెక్కలు సరిచేస్తారు, సందేహాలకు జవాబులు రాస్తారు. అన్నీ మంచి పనులే. కానీ ప్రతి మంచి పనీ బొమ్మను తెర వైపు కాస్త జరుపుతుంది. అంతా తేటపడ్డాక అందమైన బొమ్మ మిగులుతుంది, పిల్లవాడు మాత్రం అవ్వ ఒళ్లో తల దాచుకోడు.

ఏడో ఎడిషన్‌లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది లక్ నియమం. పాచిక కొద్దిలో తప్పితే, నీ దగ్గరున్న అదృష్టపు పాయింట్లు ఖర్చు చేసి ఆ తేడా పూడ్చుకోవచ్చు. ఇష్టముంటేనే వాడుకోమని పుస్తకమే చెబుతుంది. మరదలు దీన్ని సమర్థించింది. అదృష్టం తరిగిపోతుంటే అదీ ఒక భయమేనంది, కరిగే కొవ్వొత్తిలాగా. అన్న ఒప్పుకోలేదు. "చీకట్లో చెయ్యి పెట్టేవానికి జేబులో రూపాయలుండాయంటే భయమేముంటుంది?" అన్నాడు. ఈ ఒక్క విషయంలో నేను అన్న పక్కే. మా చాప మీద ఆ నియమం వద్దని తీర్మానించాం.

ఆశ పెట్టుకున్న చోట్లు కూడా ఉన్నాయి. లవ్‌క్రాఫ్ట్ కథల్లో భయం చాలాసార్లు పరాయివాళ్ల మీద, నల్లవాళ్ల మీద ఆయనకున్న ద్వేషం నుంచి పుట్టింది. దాన్ని దాచకుండా ఎదుర్కొన్న పుస్తకాలు ఈ ఆటకు వచ్చాయి. క్రిస్ స్పైవీ రాసిన హార్లెమ్ అన్‌బౌండ్ 2017లో వచ్చింది, 1920ల హార్లెమ్‌లోని నల్లజాతి మనుషులను కథ నడిమధ్యలో నిలబెట్టింది. 1984 నాటి మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్ అనే పెద్ద కథను 2018లో తిరగరాసి, పెరూలో మొదలయ్యే కొత్త అధ్యాయం చేర్చారు. తిరగరాయడం అంటే నాకు ఇది. లెక్కలు మార్చినదానికన్నా, ఎవరి కళ్లతో చీకట్లోకి చూస్తున్నామో మార్చడం పెద్ద మార్పు. మేం కూడా కథను బోస్టన్‌లో పెట్టం. 1920ల అనంతపురం జిల్లాలోనే పెడతాం. ధర్మవరం జంక్షన్‌లో రైల్వే గార్డు, ఒక మగ్గం నేసే ఆవిడ, ఒక బడిపంతులు. ఈ నేల మీద మనుషులు కథలో వెనక నిలబడే గుంపు కాదు. భయం వాళ్లది, ధైర్యమూ వాళ్లదే.

ఆ రాత్రి కొత్త పుస్తకంతోనే ఆడాం. కీపర్‌ను నేనే. శెనక్కాయ చేల నడుమ ఒక ఎండిన దిగుడుబాయి. నేతగత్తె వేషం మరదలిది. బాయిలో ఏదైనా చప్పుడు వినపడుతోందేమో అని పాచిక వేసింది, తప్పింది.

ఇక్కడే ఏడో ఎడిషన్ తెచ్చిన ఇంకో నియమం ఉంది, పుషింగ్. పాచిక తప్పితే రెండోసారి వెయ్యొచ్చు, కానీ ఊరికే కాదు. అదనంగా ఏం చేస్తావో, ఎంతకు తెగిస్తావో నోటితో చెప్పాలి. రెండోసారీ తప్పితే ఏం జరగాలన్నది కీపర్ ఇష్టం. చదివినప్పుడు ఇది కూడా ఆటగాళ్ల మీద జాలిపడి పెట్టిన వెసులుబాటే అనుకున్నాను.

"ఇంకోతూరి వేస్తా" అంది మరదలు.

"ఏం చేస్తావు?"

కాసేపు ఆలోచించింది. "నడుముకు తాడు కట్టుకుంటా. పంతులును పట్టుకోమంటా. మెట్లు ఉన్నంత దూరం దిగి, చెవి లోపలికి పెట్టి వింటా."

తాడు పట్టుకున్న పంతులు వేషం మా అన్నది. పాచికలు దొర్లాయి. 87.

నా దగ్గర రాసిపెట్టుకున్నది చాలా ఉంది. బాయిలో ఏముందో, దాని ఒళ్లు ఎట్లా ఉంటుందో, ఎన్ని శానిటీ పాయింట్లు పోతాయో. వాటిలో ఒక్కటీ చెప్పలేదు. మరదలి వైపు చూడకుండా, అన్న వైపు తిరిగి ఒక్క మాట అన్నాను: "తాడు బరువెక్కింది."

అన్న రెండు చేతుల పిడికిళ్లూ తనకు తెలియకుండానే బిగిశాయి. మిద్దె మీద ఎవరూ కదల్లేదు. కదిరి రోడ్డు మీద లారీ ఒకటి పోతున్న చప్పుడు వినపడి, అది కూడా ఆగిపోయింది.

రెండోసారి వేసే అవకాశాన్ని నేను జాలి అనుకున్నాను. ఆ నియమం చేసిన పని వేరే. మరదలి నోటితోనే మరదలిని మెట్లు దింపింది, అన్న చేతికి తాడు ఇచ్చింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో రాయకుండా ఖాళీ వదిలింది. పాత పుస్తకంలో ఆ ఖాళీని నా అంతట నేను చేసుకోవాల్సి వచ్చేది. కొత్తదాన్ని రాసినవాళ్లు బొమ్మను కొన్నిచోట్ల తెరకు ఆనించారు, నిజమే. ఇక్కడ మాత్రం జానెడు వెనక్కి, దీపం దగ్గరికి జరిపారు.

నిమ్మలకుంట ఇప్పుడు గుర్తొస్తే మనసు రెండు విధాలా పోతుంది. రాత్రంతా ఆడిన ఆట గంటకో రెండు గంటలకో కుదించుకుంది. అదే తోలుతో, అదే ఉలితో చేసిన లాంప్‌షేడ్లు చాలా ఇళ్లకు అన్నం పెడుతున్నాయి. చేతిపని బతికింది, అందుకు సంతోషం. కానీ లాంప్‌షేడ్‌లో దీపానికీ తోలుకూ మధ్య ఎడం మారదు. అది మారాలంటే వెనక ఒక మనిషి బొమ్మ పట్టుకుని నిలబడాలి. గంట ఆటైనా ఆ మనిషి ఉంటే చాలు, మచ్చ పుడుతుంది, ఏ పిల్లవాడో అదేందని అడుగుతాడు. క్తుల్హూకు రేపు ఎనిమిదో ఎడిషన్ వచ్చినా నేను అడగబోయేది ఇదే. లెక్కలు ఎన్నైనా మార్చండి, ఆ మనిషి నిలబడే చోటు ఉంచండి.

మర్నాడు పొద్దున్నే నాకు బెంగళూరు బండి. ఆట అక్కడే ఆపాల్సి వచ్చింది. బస్టాండు దాకా వచ్చిన అన్న పాత పుస్తకం గురించి ఒక్క మాట ఎత్తలేదు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "ఒరే, ఆ తాడు నేను లాగల్నా, వదలల్నా?" అన్నాడు.

సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నాను.