తలమీద కొమ్ము, పెంటలో పుట్టుక

టెంకాయ చెట్టుకు కొత్త మట్ట విచ్చుకున్నప్పుడు ఆకులు కత్తెరతో కోసినట్టు ముక్కోణాలుగా తెగి కనిపిస్తే, పొల్లాచ్చి వైపు తోటల్లో ఇంకో సాక్ష్యం అడగరు. తమిళంలో కాండామిరుగ వండు, తెలుగులో కొమ్ముపురుగు. మొవ్వు ముడుచుకుని ఉండగానే పొడిచి నమిలింది. మట్ట విప్పేసరికి దొంగ ఎప్పుడో దాటిపోయింది.

కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల విజయనగర, నాయకరాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నల్లరేగడిలో పత్తి, నీళ్లున్న చోట టెంకాయ. తోట ఉన్నవాళ్లకు ఈ పురుగుతో పోరు తప్పదు.

కొమ్ముపురుగు నాలుగైదు సెంటీమీటర్లే. అయినా లేతమొక్క పెరిగే కొనను కొరికితే మొక్క పోతుంది. పెద్దచెట్టుకు గాయం చేస్తే ఆ వాసనకు ఎర్రముక్కు పురుగు దిగుతుంది.

చెట్టెక్కినవాడు ముందు మట్టల సందులు చూస్తాడు. నమిలిన పీచు బయటికి పొడుచుకొచ్చిన రంధ్రం ఉంటే పురుగు లోపలే ఉందన్నమాట. కొస వంచిన ఇనుప చువ్వ దూర్చి, తిప్పి, లాగితే నల్లగా మెరుస్తూ కిర్రుమంటూ వస్తుంది. తర్వాత ఒక పాలు వేపగింజల పొడి, రెండు పాళ్లు ఇసుక కలిపి, చెట్టుకు నూటయాభై గ్రాముల చొప్పున లోపలి మూడు మట్టల మొదళ్లలో పోస్తారు. వేప చేదు, ఇసుక ఒరిపిడి. గట్టి పెంకుకు అతుకుల దగ్గర ఇవే శత్రువులు. కింద కుండలో కిలో ఆముదపు పిండి ఐదు లీటర్ల నీళ్లలో నానబెడతారు. పులిసిన వాసనకు పురుగు రాత్రిపూట వచ్చి అందులో పడుతుంది.

ఇంత చేసినా సగం పనే. చెట్టును తినేది రెక్కలొచ్చిన పురుగు; దాని పిల్ల చెట్టు జోలికి పోదు. తెల్లగా, చంద్రవంకలా ముడుచుకుని మూడు నుంచి ఆరు నెలలు పెంటదిబ్బలో, కుళ్లిన మొద్దుల్లో పెరుగుతుంది. అంటే శత్రువును మేపేది మన దిబ్బే.

లోకం కూడా చివరికి పురుగు పుట్టే చోటునే దెబ్బతీసే దారికి వచ్చింది. 1909లో సిలోను నుంచి వెళ్లిన రబ్బరు మొక్కలతో ఈ పురుగు సమోవా చేరి టెంకాయ తోటల్ని పాడుచేసింది. 1963లో హ్యూగర్ అనే శాస్త్రవేత్త మలేసియాలో దీనికి సోకే వైరస్‌ను కనిపెట్టాడు. 1967లో దాన్ని సమోవాలో వదిలారు. రోగం తగిలిన పురుగే తన పుట్టింటికి దాన్ని మోసుకుపోతుంది. మన దిబ్బల్లో చల్లే మెటారైజియం బూజూ అంతే: పిల్లపురుగు బిగుసుకుపోయి పచ్చబడుతుంది.

చువ్వతో ఒక్కో పురుగును లాగడం నేర్పే, కానీ ఎరువును తరచూ తిరగేయడం, పడిన మొద్దుల్ని చీల్చి కాల్చడం అంతకు మించిన నేర్పు. దిబ్బ తిరగేసిన రోజు తోటలో కోళ్లకు పండగ. కొమ్ము మొలవకముందే, చెట్టెక్కకుండానే, పోరు సగం అక్కడే తీరిపోతుంది.