డొంకదారులలో సైకిలుయాత్ర

1878వ సంవత్సరము ఆగస్టు మాసమున ఇంగ్లండు ఉత్తరభాగమందలి హారోగేట్ పట్టణములో కొందఱు సమావేశమై, సైకిలుపై దేశాటనము చేయువారి కొఱకు ఒక సంఘమును స్థాపించిరి. ముందుచక్రము మనిషి రొమ్మెత్తు ఉండి, వెనుకచక్రము మోకాలెత్తైనను లేని సైకిళ్లు చెల్లుచున్న కాలమది. అట్టి వాహనము నెక్కి, గతుకుల రోడ్లమీద, గుఱ్ఱపుబండ్లవారి తిట్లకు ఓర్చుకొనుచు పరాయి ఊళ్లకు పోవువారికి తోడుగా నిలుచుటయే ఆ సంఘము పెట్టుకొన్న పని. 1883లో సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అని పేరు మార్చుకొన్న పిమ్మట అది పల్లెటూరి పూటకూళ్లవారితో ఒడంబడికలు చేసికొని, తన సభ్యులకు నియతమైన ధరకు భోజనమును బసయు దొరకునట్లు చేసినది. ఆ యిండ్ల గోడలకు రెక్కలచక్రపు గుర్తును తగిలించినది. ఏటవాలు దారుల తలాపున అపాయసూచికలను పాతించినది. రోడ్లు బాగుచేయుడని అధికారులను పోరుటకై 1886లో మఱొక సైకిలు సంఘముతో కలిసి ప్రత్యేకసంస్థనే నెలకొల్పినది. నేడు మోటారుకార్లు తమ సొంతమనుకొను నున్నని రోడ్లకై అంత ముందుగా పోరాడినవారు సైకిలువారన్న సంగతి కార్లు నడుపువారిలో ఎందఱకు తెలియునో!

1885లో కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ, రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండి చెయిను వెనుకచక్రమును త్రిప్పునట్టి రోవర్ సైకిలును తయారుచేసెను. 1888లో బెల్‌ఫాస్టున పశువైద్యుడైన డన్‌లప్ గాలిటైరునకు పేటెంటు పొందెను. ఈ రెంటితో వాహనమునకు స్థిరరూపము వచ్చినది. పిమ్మట మారినది దారి. మోటార్లు పెరిగి పెద్దరోడ్లు వాని వశమైన కొలది, యాత్రికులు ఊరికిని ఊరికిని నడుమ, కంచెల మధ్య వంకరలు తిరుగు డొంకలలోనికి తప్పుకొనిరి. కావుననే ఈ విద్యలో మొదట నేర్వవలసినది దారి నెన్నుకొనుట. మంచి సైకిలుపై చెడ్డదారిని పోయినవానికన్న, పాతసైకిలుపై మంచిదారిని పోయినవాడే సుఖపడునని నా దృఢాభిప్రాయము.

అందులకు సాధనము పటము. బ్రిటిష్ ప్రభుత్వ సర్వేశాఖయైన ఆర్డ్‌నెన్స్ సర్వేవారి 1:50,000 పటములో పెద్దరోడ్లు ఎఱుపు, ఆకుపచ్చ మొదలగు రంగులతో కొట్టవచ్చినట్లు కనబడును. డొంకలు సన్నని పసుపుపచ్చ గీతలు. పదేసి మీటర్ల ఎత్తునకొక సమోన్నతరేఖ యుండును. ఐదడుగులు సాగునప్పటికి ఒక అడుగు ఎక్కవలసిన చోట జంట బాణపుములుకులును, అంతకు కొంచెము తక్కువ వాలున్నచోట ఒంటి ములుకును ఉండును. అనుభవజ్ఞుడు ముందురాత్రి దీపము దగ్గర కూర్చుండి, పసుపుగీతలను ఒకదానికొకటి ముడివేయుచు, సమోన్నతరేఖలను అడ్డముగా తెగగొట్టు దారిని మానుకొని, వాని నొరసికొని పోవు దారిని పట్టును. రెండుమైళ్లు చుట్టైనను అదియే దగ్గఱదారి.

పటమున లేనిది గాలి. బ్రిటన్ ద్వీపమున గాలి ఎక్కువగా నైరృతినుండి వీచును. 1994లో ఏర్పడిన ‘సముద్రమునుండి సముద్రమునకు’ మార్గము పశ్చిమతీరమున వైట్‌హేవెన్, వర్కింగ్టన్ రేవులనుండి తూర్పుతీరమున సండర్లాండ్, టైన్‌మౌత్‌ల వఱకు సుమారు 140 మైళ్లు సాగును. నడుమ పెన్నైన్ కొండలపై 600 మీటర్ల ఎత్తున కెక్కును. దీనిని చాలమంది పడమటినుండి తూర్పునకే తొక్కుదురు. గాలి వీపున నుండిన కొండ సగము తగ్గును. బయలుదేరునపుడు ఐరిష్ సముద్రమున ఒక చక్రమును తడిపి, చేరినపిమ్మట ఉత్తరసముద్రమున ఒక చక్రమును తడుపుట ఆ దారిని పోవువారి ఆచారము.

తొక్కుటకును ఒక శిక్షణ గలదు. పెడలు అట్టడుగున నున్నపుడు దానిపై మడమ మోపినచో కాలు నిటారుగా నుండునంత ఎత్తున సీటును బిగింపవలెను. తొక్కునపుడు పాదపు ముందుభాగమే పెడలుపై నుండును గనుక మోకాలు ఒకింత వంగును. రెండు పాదములును నేలకానునట్లు సీటును దించుకొను మన అలవాటు బజారునకు పోయివచ్చుటకు చాలును గాని, నలుబది మైళ్లకు మోకాళ్లను చెఱచును. గేరును, పెడలు తేలికగా తిరుగునట్లు, కొండ మొదలుకాకమునుపే మార్చుకొనవలెను. కొండ నడుమ బలముగా నొక్కుచు మార్చినచో చెయిను కరకరలాడుటయో జాఱిపోవుటయో జరుగును. గేర్ల సైకిలును ఫ్రాన్సు దేశమున ప్రచారముచేసి, వెలోసియో అను మాఱుపేరుతో ప్రసిద్ధికెక్కిన పాల్ ద వివీ (1853–1930), యాత్రికుడు ఆకలి తెలియకమునుపే కొంచెము కొంచెముగా తినుచుండవలెనని విధించెను. అది వట్టి పథ్యము కాదు. ఆకలి తెలిసిన తరువాత తిన్న అన్నము కాళ్లలోనికి దిగుటకు చాలసేపు పట్టును.

సామాను వీపున మోయరాదు. చెమట, నడుమునొప్పి తప్ప దానివలన లాభములేదు. వెనుక క్యారియరునకు ఇరుప్రక్కల సమానమైన బరువుతో, వీలైనంత క్రిందుగా సంచులను వ్రేలాడదీయవలెను. లాంకషైరులోని నెల్సన్ పట్టణమున 1930 దశకమునుండి కారడైస్ అనువారు కుట్టుచున్న సంచులను గూర్చి ఒకమాట చెప్పవలసియున్నది. అవి దట్టమైన నూలుకాన్వాసుతో కుట్టినవి. వాన పడగానే నూలుపోగులు తడిసి ఉబ్బి, నేతలోని సందులు మూసికొనును. పైన తడిసి బరువెక్కినను లోపలి చొక్కా పొడిగానుండును. సీటు వెనుక ఆ సంచిని తోలుపట్టీలతో కట్టుదురు. పట్టీ కన్నము సాగినచో యాత్రికుడు తానే మేకుతో మఱొక కన్నము పొడిచికొనును. ప్లాస్టిక్ సంచులు చౌకయైన ఈ దినములలోను ఆ సంచిని తండ్రినుండి కొడుకు పుచ్చుకొనుట వింతకాదు.

డొంకలో పోవునపుడు కన్ను ముందు వంపుమీద నుండవలెను. డెవన్ సీమలో ఇరుప్రక్కల మట్టికట్టలు, వానిపై పొదలు మనిషిని మించిన ఎత్తున నుండును. వంపునకు ఆవల ట్రాక్టరున్నదో, గొఱ్ఱెలమంద యున్నదో దగ్గఱకు పోవువఱకు తెలియదు. కనబడుచున్నంత దూరములోపల ఆగగలిగినంత వేగముననే పోవుట ఆచటి నియమము. పశువులు దాటిపోకుండ దారికడ్డముగా నేలలో పఱచిన ఇనుపకమ్ముల జాలి వచ్చినచో, హ్యాండిలు త్రిప్పక, బ్రేకు పట్టక, తిన్నగా నిలువుగా దాటవలెను. వానలో ఆ కమ్ములమీద ఏటవాలుగా పోయినవాడు పడితీరును. దారిని దాటు వాగులో నీరు జానెడే యున్నను అడుగున పాచి యుండును గనుక, దిగి నడిపించుకొనిపోవుటలో చిన్నతనము లేదు.

ఇక, నేడు సైకిలుదారులైన పాత రైలుకట్టల సంగతి. ఇనుపచక్రము ఇనుపపట్టాపై సులభముగా జాఱును. అందుచేత పందొమ్మిదవ శతాబ్దపు ఇంజనీర్లు రైలుదారిని వీలైనంతవఱకు వందడుగులకు ఒక అడుగు మించి ఎక్కింపక యుండుటకై గుట్టలను చీల్చి, పల్లములకు కట్టలు వేసి, లోయలకు వంతెనలు కట్టి, కొండలను తొలిచిరి. 1963లో బ్రిటిష్ రైల్వేబోర్డు అధ్యక్షుడైన బీచింగ్ సమర్పించిన నివేదిక ననుసరించి వేలమైళ్ల రైలుమార్గములు మూతబడగా పట్టాలు పోయినవి గాని, ఆ చదును పోలేదు. బొగ్గుబండ్ల కొఱకు పడిన ఆ శ్రమయంతయు నేడు పదేండ్ల పిల్లవానికిని, డెబ్బదియేండ్ల వృద్ధునకును ఉపయోగపడుచున్నది. సముద్రమునుండి సముద్రమునకు పోవు మార్గములో కాన్సెట్ చెంత హౌన్స్‌గిల్ వంతెనపై నుండి సైకిళ్లు పోవును. దానిని 1858లో కట్టించిన థామస్ బౌచ్, 1879లో తుపానున కూలి అపకీర్తి తెచ్చిన టే వంతెనకును నిర్మాతయే. ఈ యిటుకవంతెన మాత్రము చెక్కుచెదరలేదు.

1977లో బ్రిస్టల్ నగరమున పుట్టి, పిదప సస్ట్రాన్స్ అను పేరుతో పెరిగిన ఒక చిన్న సంఘము, 1979 నుండి స్వచ్ఛందసేవకుల పాఱలతో బ్రిస్టల్–బాత్ నగరముల నడుమ నున్న పాత మిడ్‌లండ్ రైలుకట్టను సైకిలుదారిగా మార్చ మొదలిడి 1986 నాటికి పూర్తిచేసెను. దాని పొడవు 13 మైళ్లు. స్టేపుల్ హిల్ వద్ద దాదాపు అరకిలోమీటరు సొరంగమున్నది. వేసవిలోను లోపల చల్లగానుండి, పైనుండి నీటిచుక్కలు మెడపై పడుచుండును. 2008లో ఈ దారిని బస్సుల మార్గము చేయ తలపెట్టగా జనులు ఎదిరించి నిలిపివేసిరి. 1995లో లాటరీ నిధులనుండి లభించిన 4 కోట్ల 25 లక్షల పౌండ్లతో ఇట్టి దారులన్నియు జాతీయ సైకిలుమార్గములుగా కూర్చబడి, 2000వ సంవత్సరమున ప్రారంభమైనవి. నీలిపలకపై ఎఱ్ఱని గడిలో అంకె వాని గుర్తు. బాత్ దాటినపిమ్మట ఆ దారియే కెన్నెట్ అండ్ ఏవన్ కాలువగట్టు నెక్కును. గోదావరి డెల్టాలో మనుష్యులు గట్టుమీద నడచుచు త్రాళ్లతో పడవలు లాగినట్లు, అచ్చట గుఱ్ఱములు లాగెడివి. గుఱ్ఱము నడచిన ఆ బాటయే నేటి సైకిలుబాట.

ఈ దారులలో లోపములు లేకపోలేదు. పల్లెడొంకలలో కూడ కార్లకు గంటకు అరువది మైళ్ల వేగము చట్టసమ్మతమై యుండుట నాకు అవివేకముగా తోచును. 2000వ సంవత్సరపు చట్టము ‘నిశ్శబ్దపుడొంకలు’ గా కొన్నింటిని ప్రకటించు వీలిచ్చినను, అవి బహుకొద్ది. జాతీయమార్గములలో రద్దీరోడ్ల మీదుగా పోవు భాగములు కొన్ని పిల్లలకు, క్రొత్తవారికి తగవని తేలగా, 2020లో సస్ట్రాన్స్‌వారే సుమారు నాలుగవవంతు దారిని జాబితానుండి తొలగించుటయో వేఱుచేయుటయో చేసిరి. మైళ్ల లెక్క తగ్గినను ఫరవాలేదని నిజము చెప్పిన ఆ పని మెచ్చదగినది.

బిడ్డలను చూడ బ్రిటనునకు పోవు తెలుగు తలిదండ్రులు నేడు పెక్కుమంది. వారిలో సైకిలు తొక్కుట మఱవనివారు బ్రిస్టల్–బాత్ దారికి ఒకదినము వెచ్చింపవలెనని నా మనవి. ఎడమప్రక్కనే పొండు, నడచువారిని దాటునపుడు గంట కొట్టి నెమ్మదింపుడు, తిరిగివచ్చుటకు ఓపిక లేకున్నచో బాత్ నుండి బ్రిస్టలునకు రైళ్లు కలవు, అయితే వానిలో సైకిళ్లకు చోటు కొద్దిగనే యుండును గనుక ఉదయసాయంత్రముల రద్దీవేళలు తప్పించి ఎక్కుడు.